నిలబడి అడిగే శిస్తు

కిందటేడు ఎండాకాలంలో నేనొక రాజ్యాన్ని ఏలుతుండేవాణ్ణి. మేడ్చల్ మండలాన్నీ శామీర్‌పేట మండలాన్నీ పక్కపక్కన పరిచి, మిగిలిన సందులో కుత్బుల్లాపూర్‌ని మడిచి పెట్టినా ఇంకా అంచులు కనిపించేంత రాజ్యం. ఒక కోట, పద్నాలుగు ఊళ్ళు, గోధుమ చేలు, ఒక నది, నాలుగు వందల మంది సైన్యం. ఇదంతా మా ముందు గదిలో, కిటికీ పక్కనున్న కంప్యూటర్ తెరలో ఇమిడి ఉండేది. సింహాసనం ప్లాస్టిక్ కుర్చీ. రాజదుస్తులు లుంగీ, బనీను. ఫ్యాక్టరీలో నాది మధ్యాహ్నం రెండు గంటల షిఫ్టు కాబట్టి పొద్దున్న తొమ్మిది నుంచి పన్నెండు దాకా రాజుని. ఆ తర్వాత, మాత్రల అట్టపెట్టెల మీద తేదీలు సరిగ్గా పడ్డాయో లేదో చూసే ఉద్యోగిని. రెండింటిలో ఏది కష్టమంటే రాజ్యమే. అట్టపెట్టెలు తిరుగుబాటు చెయ్యవు.

ఆట తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. ఊళ్ళలో జనం పండిస్తారు. రుతువుకొకసారి ప్రతి ఊరి మీదా చిన్న సంచి బొమ్మ తేలుతుంది. దాన్ని నొక్కితే ఆ ఊరి శిస్తు ఖజానాలో పడుతుంది. ఖజానాలోంచి సైన్యానికి జీతాలు వెళ్తాయి. ఒక రుతువు జీతం తప్పితే విలుకాళ్ళు సణుగుతారు. రెండు రుతువులు తప్పితే వాళ్ళే వచ్చి కోట తలుపు విరగ్గొడతారు. రుతువంటే మన గోడ గడియారంలో పది నిమిషాలు.

నా ఖజానా ఎప్పుడూ ఊడ్చిన వాకిలిలా ఉండేది. తప్పు నాది కాదు, నా వంశానిది. మా తాత గోదావరి ఒడ్డున బడిపంతులు, మా నాన్న పోస్టాఫీసు గుమాస్తా, నేను అట్టపెట్టెలు. ఒకసారి ఉద్యోగంలోకి తీసుకున్నవాణ్ణి మధ్యలో పొమ్మనడం మా ఇంట్లో హత్యతో సమానం. ఎప్పుడో ఒక యుద్ధానికి చేర్చుకున్న బల్లెంవాళ్ళను, ఆ యుద్ధం ముగిసి ఆటలో ఇరవై ఏళ్ళు గడిచినా పోషిస్తూనే ఉన్నాను. వాళ్ళకు పెళ్ళాం పిల్లలుంటారు కదా అనేవాణ్ణి. బొమ్మలకు పిల్లలేమిటని మా ఆవిడ అడిగింది. నేను ఆ రుతువు సంచులు నొక్కే పనిలో పడ్డాను.

ఇలా దివాలా గుమ్మం దగ్గర రాజ్యం నడుస్తున్న రోజుల్లో మా మామయ్య, అంటే మా ఆవిడ తండ్రి, వచ్చాడు.

వచ్చాడనడం తప్పు, మోసుకొచ్చాం. లాల్‌గడి మలక్‌పేట్‌లో తన పొలం గట్టు మీద జారిపడితే తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో లోపల ఒక రాడ్డు వేశారు. ఎక్స్‌రేలో నేను చూశాను, నిజామాబాద్ పోయే రైలు పట్టాలో ఒక ముక్క కోసి పెట్టినట్టే ఉంది. పంపేటప్పుడు డాక్టరు మా ఆవిడను పక్కకు పిలిచి చెప్పాడు: "ఆపరేషన్ బాగా అయింది. ఇక లేచి నిలబడాలి, నడవాలి. ఆరు వారాల తర్వాత చూస్తాను. అప్పటికి అడుగులు పడకపోతే ఇక మంచమే."

ముందు గదిలో, కంప్యూటర్ బల్లకు మూరెడు దూరంలో మంచం వేశాం. మామయ్య దాని మీద పడుకుని గోడ వైపు తిరిగాడు. రెండు వారాలు గోడనే చూశాడు.

ఆయన వయసులో ఉండగా సుంకరి. పట్వారీ వెనకాల దస్త్రాల మూట మోసుకుంటూ ఊరూరా తిరిగి, ఇంటింటి ముందూ నిలబడి భూమి శిస్తు అడిగే పని. మేడ్చల్ కచేరీ నుంచి శామీర్‌పేట చెరువు అవతలి దాకా ఆయన కాళ్ళకు తెలియని బాట లేదు. అంత నడిచిన మనిషి ఇప్పుడు మంచం మీంచి కాలు కింద పెట్టనన్నాడు.

రోజూ పదింటికి స్కూటీ మీద ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చేది. ఆదివారాలు చర్చిలో పాటలు పాడే అమ్మాయి. మామూలుగా మాట్లాడినా మూడిళ్ళ అవతలికి వినిపించేది.

"తాతా, ఒక్కపారి లే. ప్రభువు మీద భారమేసి లే."

"నా భారం ఆయన మీదెందుకు బిడ్డా, పాపం. గీ మంచం మోస్తాంది గద, మొయ్యనీ."

"నడవకుంటే ఎట్ల తాతా?"

"నడిచిన నడక మూడు జన్మలకు సాలు. మిగిలితే నీకిస్త, పట్కపో."

నవ్వేవాడు, కానీ లేచేవాడు కాదు. అసలు సంగతి మా ఆవిడ చెప్పింది, వంటింట్లో గొంతు తగ్గించి. "పడ్డనాడు గంటసేపు గట్టు కిందనే ఉన్నడట. దూరంగ మనుషులు పోతుంటే పిలవలె. పిలిస్తే నవ్వుతరని. ఊరి మీద అంత రుబాబుగ తిరిగినోడు గద. మళ్ళ పడతనేమోనని భయం. అది మాత్రం నోటెంట రాదు." అలా అంటూ తోమిన గిన్నెనే మూడోసారి తోమింది. ఆ నెలలో మా గిన్నెలు అరిగి పలచబడ్డాయి. ఒకదాంట్లోంచి కిటికీ అవతలి జామచెట్టు కనిపించేది.

మూడో వారంలో ఒకనాడు నేను రాజ్యం ఏలుతుంటే వెనకనుంచి గొంతు వినిపించింది.

"గదేంది, అల్లుడా?"

తిరిగి చూశాను. గోడను వదిలేసి ఇటు తిరిగి ఉన్నాడు.

"ఆట, మామయ్యా. నా రాజ్యం."

"రాజువా." నా లుంగీని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. "మరి గా ఇనుప బట్టలోళ్ళెవరు?"

"గుర్రపు దళం."

"ఆళ్ళకు జీతమెవరిస్తరు?"

"ఖజానాలోంచి."

"ఖజానాల ఎవరేస్తరు?"

"ఊళ్ళవాళ్ళు."

"ఊళ్ళోళ్ళను ఎవరడుగుతరు?"

"నేనే. ఇదిగో, ఇలాగ." అప్పుడే సంచులు తేలాయి. నేను కుర్చీలో ఒక కాలు మడిచి, ఎడంచేత్తో మురుకు కొరుకుతూ, కుడిచేత్తో వరసగా పద్నాలుగు ఊళ్ళూ టకటకా నొక్కేశాను.

మామయ్య తల దిండు మీంచి లేచింది. తర్వాత, ఎవరిదో శవం మీంచి నేను దాటిపోయినట్టు అడిగాడు: "గట్లనా అడిగేది?"

"ఎలా అడగాలి?"

"కూసోనా? నోట్లె మురుకేస్కోనా?"

ఆ పూట నాకు శిస్తు వసూలు గురించి తెలిసింది. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఇంటి అల్లుణ్ణయినా ఒక్కసారీ అడగలేదు, ఆయనా చెప్పలేదు. శిస్తు నిలబడే అడగాలి. ఎంత దూరం నడిచొచ్చినా, మోకాళ్ళు ఎంత పీకుతున్నా సుంకరి ఆ ఇంటి అరుగు మీద కూర్చోడు. వాళ్ళ నీళ్ళు ముట్టడు. "కూసుంటే సుట్టమైతవ్. నీళ్ళు తాగితే ఇంకింత సుట్టమైతవ్. సుట్టమైనంక ఇగ ఏమడుగుతవ్? ఆళ్ళు లేవంటే ఆళ్ళతోని కూసోని నువ్వు గూడ ఏడుస్తవ్. ఇరవై ఏండ్లు ఎవ్వని అరుగు మీద కూసోలె నేను. మాడు పగిలే ఎండల గూడ ఎవ్వని నీళ్ళు తాగలె."

"మరి దాహమేస్తే?"

"ఊరి బయట వాగు లేదా?"

పది నిమిషాల్లో తర్వాతి రుతువు వచ్చింది. సంచులు తేలాయి. "గా డబ్బి ఇటియ్యి," అన్నాడు మౌస్ చూపించి. ఇచ్చాను. బాణం గుర్తును మొదటి ఊరి మీదికి తీసుకెళ్ళేసరికి ఆయనకు ఒక వానాకాలమంత సేపు పట్టింది. తీరా అక్కడికి చేర్చి, నొక్కలేదు. వేలు లేపి అలాగే చూశాడు. ఆ తర్వాత ఒక కాలు మంచం మీంచి కిందికి దించాడు. రెండోదాన్ని చేత్తో పట్టుకుని దించాడు. ఒక చెయ్యి బల్ల మీద, ఒక చెయ్యి నా భుజం మీద వేసి లేచాడు. నా భుజం రెండంగుళాలు కిందికి దిగింది, ఇప్పటికీ పూర్తిగా పైకి రాలేదు.

నిలబడి, గొంతు సవరించుకుని, నొక్కాడు. సంచి ఖజానాలో పడింది. కూర్చున్నాడు.

"మిగతావి కూడా నొక్కండి, మామయ్యా, లేచే ఉన్నారుగా."

"ఇంకో ఊరు ఇంకో ఊరే. గీ ఊరి నిలవడుడు గా ఊరికి పనికిరాదు."

మళ్ళీ లేచాడు. ఆ పూట నాలుగు ఊళ్ళు చేసి అలిసి పడుకున్నాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. మా ఆవిడ గరిటె పట్టుకుని గుమ్మంలో ఉంది. నేను పెదాల మీద వేలు పెట్టాను. ఆవిడ వెనక్కి వెళ్ళింది. కుక్కరు ఆ రోజు పదకొండు కూతలు కూసింది, పప్పు పేస్టయింది, మా ఆవిడ అదే వడ్డించింది.

ఆ మధ్యాహ్నం అట్టపెట్టెల ముందు నిలబడి నా జీవితంలో మొదటిసారి రాజకీయం ఆలోచించాను. ఆయన నిలబడాలంటే శిస్తు కావాలి. శిస్తు కావాలంటే ఖజానా ఖాళీగా ఉండాలి. ఖాళీగా ఉంచడంలో నన్ను మించినవాడు ఆసియాలో లేడు. మర్నాటి నుంచి సైన్యం పెంచాను. ఇనుప బట్టలవాళ్ళను వంద మందిని తీసుకున్నాను. ఒక్కో గుర్రం ఒక పెళ్ళి విందంత తినేది. సరిహద్దులో ఇంకో ఆరు ఊళ్ళు కలుపుకున్నాను. అన్ని ఊళ్ళ శిస్తునూ ఒకేసారి లాగేసే మీట ఒకటి ఆ ఆటలో ఉంది, అన్ని సంచులూ ఒక కట్టగా ఉండే బొమ్మ. తెర మీద దానిపైన మా ఆవిడ తిలకం బిళ్ళ ఒకటి, నామంలాగా కోలగా, ఒక కొస మొనదేలి ఉండేది, అంటించేశాను.

"ఏంది గా బొట్టు?" అన్నాడు మామయ్య.

"శుభానికి."

ఇంకొకటి కూడా చేశాను. రోజూ స్నానానికి వెళ్ళేముందు బల్లను మంచానికి జానెడు దూరం జరిపేవాణ్ణి. నాలుగో వారానికి ఊళ్ళు చేరాలంటే రెండడుగులు వెయ్యాల్సి వచ్చింది. ఐదో వారానికి నాలుగు.

"బల్ల ఎనకకు పోతాంది, అల్లుడా."

"నేల వాలుగా ఉంది, మామయ్యా. కట్టినవాడు సరిగ్గా కట్టలేదు."

ఫిజియోథెరపీ అమ్మాయి మొదటి రోజు ఇది చూసి బ్యాగు కింద పెట్టడం మర్చిపోయింది. "గిదేం ఎక్సర్‌సైజ్ సార్?"

"శిస్తు వసూలు."

"ఎన్నిసార్లు లేస్తుండు?"

"ఊళ్ళెన్నో అన్ని."

కాసేపు వేళ్ళు ముడుస్తూ విప్పుతూ నిలబడింది. "సార్, ఇంకో రెండూర్లు పెంచుండ్రి." అంతటితో ఆగకుండా తాతకు వాకర్ అంటగట్టాలని చూసింది. ఆ ఇనుప చట్రం తనకొద్దని ఆయన మూడు రోజులు పోట్లాడి, చివరికి పట్వారీ దస్త్రాలు పెట్టుకునే బల్లలాగుంది అని ఒప్పుకున్నాడు.

ఐదో వారం చివర ఆయన శిస్తు చాలించి సైన్యం వైపు చూశాడు. ఎవరెవరున్నారో, ఎంత తింటున్నారో ఒక్కొక్కటే నాచేత చదివించుకున్నాడు. విన్నాక అడిగాడు: "ఎవని మీదికి పోతున్నవ్ యుద్ధానికి?"

"ఇప్పటికైతే ఎవరి మీదికీ లేదు."

"ఎవడన్న నీ మీదికి వస్తుండా?"

"లేదు."

"మరి గింతమందిని ఎందుకు మేపుతున్నవ్? నీకేమన్న తిక్కనా?"

వాళ్ళ పెళ్ళాం పిల్లల సంగతి చెప్పాను. ఆయన నవ్వాడు, మంచం చప్పుడయ్యేలా. "జీతగాడు వేరు, కూలోడు వేరు. నాట్లప్పుడు కూలోళ్ళను పిలుస్తం. నాట్లు అయినంక ఇంట్ల కూసోబెట్టి బువ్వ పెడతమా? ఇంటికి పోతేనే గద ఆళ్ళు పెండ్లాం పిల్లలను సూసుకునేది. పంపు. విత్తనాల యాళ్ళ ఒక్కడు గూడ కోటల ఉండొద్దు."

నా మూడు తరాల రక్తం ఎదురు తిరిగింది. అయినా పంపాను. ఏం చెప్పను, ఆ సంవత్సరం ఆటలో గోధుమలు కోట గోడల మీంచి పొర్లాయి. ఇంటికి పోయిన బల్లెంవాళ్ళు దున్నారు, విత్తారు, పంట రెండింతలైంది. సంతలు పెరిగి సుంకాలు తమంతట తామే వచ్చి పడ్డాయి. ఖజానా నిండింది. నా పాలనలో ఎన్నడూ లేనంతగా నిండింది. అడగకుండానే నిండింది.

మామయ్య హాయిగా వెనక్కి వాలాడు. "నిండిన ఖజానకు శిస్తెందుకు? గీ పంటకు అడగకు. పండనీ జనాన్ని." అని గోడ వైపు తిరిగాడు.

నేనప్పుడు రాజ్యాన్ని గెలిచి, మామయ్యను మంచానికి అప్పగించిన రాజుని.

మూడు రోజులు లేవలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సింది గురువారం. మా ఆవిడ మళ్ళీ గిన్నెల మీద పడింది. ఫిజియోథెరపీ అమ్మాయి నన్ను వరండాలోకి పిలిచి, "సార్, ఏదన్న యుద్ధం పెట్టుండ్రి," అంది. పెట్టడానికే చూశాను. ఉత్తరపు రాజుకు తిడుతూ దూతను పంపితే, నా ఖజానా సంగతి విన్నాడేమో, రెండు గుర్రాలు కానుకగా పంపాడు.

బుధవారం పొద్దున్న ఆటలో చివరి ఊరి నుంచి కబురొచ్చింది. మొత్తం రాజ్యంలో కోటకు అన్నిటికంటే దూరంగా, నది మలుపులో ఉండే పది గుడిసెల ఊరు. అక్కడ వానలు లేవు. పాత శిస్తు బాకీ ఉంది, కట్టలేమంటున్నారు. తెర మీద రెండు మీటలు వచ్చాయి: వసూలు చెయ్యి, మాఫీ చెయ్యి. రుతువు ముగిసేలోగా ఏదో ఒకటి నొక్కాలి.

మామయ్యకు చదివి వినిపించాను. ఇటు తిరిగాడు.

"మాఫీ జెయ్యి."

"చేస్తున్నా," అని వేలు పెట్టాను.

"ఆగు. గట్ల గాదు."

"మళ్ళీ నిలబడాలా?"

"అడుగుడే నిలవడి. మాఫీ నడిచిపోయి చెప్పాలె."

అప్పుడు చెప్పాడు. ఒక కరువు ఏట ఒక ఊరికి శిస్తు మాఫీ అయింది. ఆ మాట చెప్పి రమ్మని పట్వారీ ఈయన్నే పంపాడు. ఈయన వస్తున్నాడని దూరం నుంచే చూసి జనం అడగడానికే అనుకున్నారు. తలుపులు వేసుకున్నారు. ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని ఎండిన జొన్న చేలో దాక్కున్నారు. ఈయన చేను గట్టున నిలబడి అరిచాడు, మాఫీ అయింది, బయటికి రండి అని. ఎవరూ నమ్మలేదు. అరిచి అరిచి గొంతు పోయింది. అప్పుడొక ముసలమ్మ జొన్నల్లోంచి తల బయటపెట్టి, మాఫీ అయితే వచ్చి కూర్చో చూద్దాం, అంది.

"కూర్చున్నారా?"

ఆయన కాళ్ళు మంచం మీంచి కిందికి దించాడు. వాకర్ ఇటు లాగమన్నాడు.

"గా ఊరు మస్తు దూరమన్నవ్ గద. మనింట్ల అన్నిటికన్న దూరమేది?"

"వీధి గేటు," అన్నాను.

లేచాడు. నా భుజం అడగలేదు. నేను లేవబోతే చూపుతోనే కూర్చోబెట్టాడు. వాకర్ ముందుకు, ఒక కాలు, ఇంకో కాలు. మంచం నుంచి గుమ్మం. గుమ్మం నుంచి వరండా. మా వరండా అంతకుముందు పదడుగులుండేది. ఆ రోజు కొలిస్తే మేడ్చల్ బస్ డిపో నుంచి రైల్వే స్టేషన్ దాకా వచ్చేది. వరండా చివర ఒక మెట్టు ఉంది. అక్కడ ఆగాడు. కిటికీ ఊచలు పట్టుకుని చూస్తున్నాను, అరిస్తే భయపడతాడని నోరు మూసుకున్నాను. మా ఆవిడ గేటు పక్కన తీగ మీద బట్టలారేస్తోంది. వెనక అలికిడికి తిరిగి, తండ్రిని చూసి, చేతిలో తడి దుప్పటి అలాగే పట్టుకుని ఉండిపోయింది. ఉరికి రాలేదు. ఆమె ఆ తండ్రి కూతురే కదా.

వాకర్ కిందికి దించాడు. కాలు దించాడు. ఇంకో కాలు దించాడు. ఒక్కసారి కొద్దిగా ఊగాడు. నిలదొక్కుకున్నాడు. గేటు దాకా వెళ్ళి, దుప్పటి ముందు నిలబడి, వీధి వీధంతా వినిపించేలా చెప్పాడు:

"మీ ఊరికి శిస్తు మాఫీ అయింది."

మా ఆవిడకు ఆట సంగతి సగమే తెలుసు, ఆ పొద్దుటి కబురు అసలు తెలియదు. తండ్రిని పైనుంచి కింది దాకా చూసింది. దుప్పటిని తీగ మీద వేసింది.

"నిజంగనా?"

"నేనెప్పుడన్న అబద్ధం చెప్పిన్నా?"

"మాఫీ అయితే ఇగ నిలవడుడెందుకు?" వరండాలోని ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి గేటు దగ్గర వేసింది. "కూసో, నాయిన. నీళ్ళు తెస్త."

ఆయన ఆ కుర్చీ వైపు కాసేపు చూసి, కూర్చున్నాడు. ఆమె చెంబు తెచ్చింది. ఎత్తి, గుక్క తిప్పుకోకుండా, చెంబెడూ తాగాడు. గడ్డం మీంచి చొక్కా మీదికి కారుతున్నా తుడుచుకోలేదు. ఆ చెంబులో శామీర్‌పేట చెరువంత నీళ్ళు పట్టినట్టు అనిపించింది నాకు, అంతసేపు తాగాడు.

అంతలో ఫిజియోథెరపీ అమ్మాయి స్కూటీ వచ్చి ఆగింది. గేటు దగ్గర కుర్చీలో తాతను చూసి, "ఎవరు మోస్కొచ్చిండ్రు?" అంది.

"అల్లుడా," అని అక్కడినుంచే కేకేశాడు మామయ్య, "మాఫీ నొక్కినవా?"

నేను తెర వైపు తిరిగాను. ఊచలు పట్టుకుని నిలబడ్డ ఆ కాసేపట్లో రుతువు ముగిసిపోయింది. ఏ మీటా నొక్కకపోతే ఆట దాన్ని వసూలు కిందే లెక్కేస్తుంది. బాకీ కట్టలేనందుకు నది మలుపులో పది గుడిసెలూ తగలబడుతున్నాయి.

"నొక్కాను మామయ్యా," అన్నాను.

మిగతా రాజులకు లేని సదుపాయం ఒకటి నాకుంది. ఆటను ముందు దాచుకున్న చోటికి వెనక్కి తిప్పవచ్చు. తిప్పాను. గుడిసెలు తిరిగొచ్చాయి, కబురు తిరిగొచ్చింది. నొక్కబోతుంటే తెర మూలనున్న తిలకం బిళ్ళ మీద కన్ను పడింది. నేనంటించినప్పుడు మొన పైకి ఉంది. ఇప్పుడు మొన కిందికి ఉంది. ఎవరో దాన్ని గోటితో లేపి, కిందున్న మీటను చూసి, మళ్ళీ అంటించారు. బిళ్ళ జిగురు మీద దుమ్ము చూస్తే అది నిన్నా మొన్నటి పని కాదు. ఒక్క నొక్కుతో ఇరవై ఊళ్ళూ అయిపోతాయని తెలిసీ ఆయన ఊరికొకసారి లేచి నిలబడ్డాడు.

బయట కుర్చీలోంచి ఆయన గొంతు, ఇంకో చెంబు అడుగుతోంది. నేను కుర్చీ వెనక్కి నెట్టి, లుంగీ సరిచేసుకుని, నిలబడి మాఫీ నొక్కాను.